కొండ దారుల్లో తపాలా బట్వాడా: అపోహలు - వాస్తవాలు

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో నేను సహాయ బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేస్తున్నాను. కాగితాల మీద ఏబీపీఎం అని రాసినా, గూడేల్లో అందరికీ నేను పోస్టుమ్యాన్‌నే. ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేయబోయే యువకులూ, మైదాన ప్రాంతపు బంధువులూ అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తుంటాయి కనుక, వాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అపోహ: ఉత్తరాలు రాసేవారే లేనప్పుడు పోస్టుమ్యాన్‌కు పనేముంటుంది?

వాస్తవం: క్షేమ సమాచారాల ఉత్తరాలు దాదాపు ఆగిపోయిన మాట నిజమే. ఇప్పుడు సంచిలో వచ్చేవి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, ఏటీఎం కార్డులు, బ్యాంకు నోటీసులు, కోర్టు సమన్లు, ఉద్యోగ నియామక పత్రాలు. సంఖ్య తగ్గినా ఒక్కొక్కదాని ప్రాధాన్యం పెరిగింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అందువల్ల సంతకం తీసుకుని ఇవ్వవలసినవన్నీ ఇప్పుడు స్పీడ్ పోస్టుగానే వస్తున్నాయి. ఇచ్చామా, ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేకపోయామన్నది ఫోన్‌లో నమోదు చేయవలసి ఉంటుంది.

అపోహ: పిన్ కోడ్ సరిగ్గా ఉంటే చాలు, ఉత్తరం ఇల్లు చేరుతుంది.

వాస్తవం: 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ కోడ్ బట్వాడా చేసే ఆఫీసు వరకే దారి చూపుతుంది. పాడేరుకు చెందిన 531024 అన్న ఒక్క నంబరు కిందే ఎన్నో బ్రాంచి ఆఫీసులు ఉంటాయి, ఒక్కో బ్రాంచి కింద కొండకొకటిగా విసిరేసినట్టున్న గూడేలు ఉంటాయి. అక్కడ వీధి పేర్లు ఉండవు, డోరు నంబరు రేషను కార్డులో ఉంటుందేమో గానీ గుమ్మం మీద కనిపించదు. వంతల, పాంగి, కొర్రా వంటి ఇంటిపేర్లు గూడెంలో చాలామందికి ఒకటే కావడం వల్ల, పాత తరంలో సుక్ర, బుద్ర వంటి వారాల పేర్లు ఎక్కువగా పెట్టడం వల్ల, ఒకే పేరు గల మనుషులు ఇద్దరు ముగ్గురు తేలడం మాకు మామూలే. ఏటీఎం కార్డు కవరు మీద తండ్రి పేరు లేకపోతే, ఉన్న ఫోన్ నంబరుకు సిగ్నల్ అందకపోతే, ఆ కవరు ఎవరిదో తేల్చడానికి అంగన్‌వాడీ టీచరునో, ఆశా కార్యకర్తనో అడగవలసి వస్తుంది. ఒకరి కార్డు మరొకరి చేతిలో పడితే దానికి జవాబు చెప్పుకోవలసింది మేమే కనుక, తొందరపడి ఎవరికో ఒకరికి ఇచ్చేయడం కుదరదు. ఇంటికి కార్డో, పత్రమో తెప్పించుకునేవారు చిరునామాలో తండ్రి లేదా భర్త పేరు, గూడెం పేరు, పంచాయతీ పేరు రాయిస్తే మాకు సగం పని తప్పుతుంది.

అపోహ: రోజుకు నాలుగైదు గంటలే కదా, సులువైన ఉద్యోగం.

వాస్తవం: నిబంధనల ప్రకారం మా వంటి గ్రామీణ డాక్ సేవకుల పని గరిష్ఠంగా ఐదు గంటలే. అయితే గంటల లెక్కలో దూరం కనిపిస్తుంది గానీ కొండ ఎక్కడం కనిపించదు. మ్యాపులో పక్కపక్కనే ఉన్న రెండు గూడేల మధ్య ఒక లోయ, ఒక గెడ్డ (కొండవాగు) ఉండవచ్చు. వానాకాలంలో ఆ గెడ్డ పొంగితే నీరు తీసేదాకా గట్టున ఆగవలసిందే, లేదా వెనక్కి తిరిగి రావలసిందే. ఇందులో ఆదుకునేది వారపు సంత. చుట్టుపక్కల గూడేల వాళ్లు పసుపు, మిరియాలు, చింతపండు అమ్ముకోవడానికి దిగి వచ్చే రోజున సగం మంది చిరునామాదారులు ఒకేచోట దొరుకుతారు. అలాగని సంతలో కనిపించిన పొరుగువాడి చేతికి స్పీడ్ పోస్టు అప్పగించి పంపడానికి వీల్లేదు. రిజిస్ట్రేషన్‌తో వచ్చినదాన్ని చిరునామాదారు గానీ, వారు రాతపూర్వకంగా అధికారం ఇచ్చిన మనిషి గానీ తీసుకోవాలి. ఈ నియమం చాదస్తమని చాలామంది విసుక్కుంటారు, నా దృష్టిలో మాత్రం ఈ ఉద్యోగానికి ఉన్న పరువంతా దాని మీదే నిలబడి ఉంది.

అపోహ: రోడ్లు పడ్డాయి, బైకు మీద తిరిగితే సరిపోతుంది.

వాస్తవం: బైకూ మాదే, పెట్రోలూ మాదే. రోడ్డు ఆగిన చోటి నుంచి నడకే.

అపోహ: ఇది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, జీతం, పింఛను అన్నీ వస్తాయి.

వాస్తవం: పదో తరగతి మార్కుల ఆధారంగా, రాత పరీక్ష లేకుండా ఎంపిక జరగడం వల్ల ఈ అపోహతోనే చాలామంది వచ్చి చేరుతున్నారు. మేము తపాలా శాఖలో పనిచేస్తున్నా రెగ్యులర్ ఉద్యోగులం కాము. అప్పట్లో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లుగా పిలిచిన మా వర్గం వారివి సివిల్ పోస్టులేనని, కనుక విచారణ లేకుండా తొలగించకూడదనే రాజ్యాంగంలోని 311వ అధికరణ రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1977లో తీర్పు ఇచ్చింది. అయినా జీతభత్యాల్లో రెగ్యులర్ సిబ్బందితో సమానత రాలేదు. మాకు వచ్చేది పని గంటలను బట్టి ఇచ్చే టీఆర్‌సీఏ అనే భత్యం: 2018 జులై 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ఏబీపీఎంకు నాలుగు గంటల పనికి 10,000, ఐదు గంటల పనికి 12,000 రూపాయలతో మొదలవుతుంది, బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000, 14,500 రూపాయలు. దాని మీద కరువు భత్యం ఉంటుంది. 65 ఏళ్లకు విరమణ, శాఖ ఉద్యోగుల మాదిరి పింఛను లేదు. చేరేవారికి వేరే జీవనాధారం ఉండాలన్న షరతు కూడా ఉంది. ఆ షరతును చదవకుండా ఉద్యోగంలో చేరి, ఆ తరువాత కుంగిపోయిన కుర్రవాళ్లను చూశాను.

అపోహ: యంత్రం మీద వేలిముద్ర వేయిస్తే డబ్బు వస్తుంది, అందులో కష్టమేముంది?

వాస్తవం: 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక, ఆధార్ ఆధారంగా ఏ బ్యాంకు ఖాతా నుంచైనా గుమ్మం దగ్గరే డబ్బు ఇవ్వగలుగుతున్నాం. ఉపాధి హామీ కూలి తీసుకునే పెద్దవాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది. కానీ పసుపు తవ్వి, కాఫీ పండ్లు కోసి అరిగిన వేలిముద్రలను యంత్రం గుర్తించదు. తడిగుడ్డతో వేలు తుడిపించి, ఆరనిచ్చి, బొటనవేలు పలకకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే రెండో చెయ్యి అని ఒక్కో ముసలమ్మ దగ్గర ఓపికగా కూర్చోవాలి. సిగ్నల్ దొరికేది గట్టు మీద ఏ చింతచెట్టు దగ్గరో అయితే ఆమెను అక్కడికి నడిపించుకు వెళ్లాలి. అన్నిటికంటే చిక్కైన పరిస్థితి, ఖాతాలో డబ్బు తగ్గినట్టు సందేశం వచ్చి మా యంత్రంలో మాత్రం లావాదేవీ విఫలమైనట్టు చూపించడం. ఆ సొమ్ము మామూలుగా ఖాతాకు తిరిగి జమ అవుతుంది కనుక, వెంటనే మళ్లీ వేలు పెట్టించకూడదు, నగదు ఇవ్వకూడదు. ఈ సంగతి ఎదురుగా కూర్చున్న మనిషికి ఇక్కడి గిరిజన భాషలైన కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో నమ్మకం కలిగేలా చెప్పడమే అసలు పని.

అపోహ: నోటీసు తీసుకోకపోతే కేసు నిలవదు.

వాస్తవం: తీసుకోనంటే మేము బలవంతం చేయము, నిరాకరించారని రాసి, తేదీ వేసి, సంతకం చేసి వెనక్కి పంపుతాము. అయితే నిరాకరించిన నోటీసు అందినట్టేనని కోర్టులు పరిగణిస్తాయి, తీసుకోనివారికి మిగిలేదల్లా అందులో ఏముందో తెలియకపోవడమే. చట్ట ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది కాబట్టి, ఆ కవరు తీసుకుని మండల న్యాయ సేవల కమిటీకి చూపించమని చెప్పి సంతకం కోసం పెన్ను అందిస్తాను.