ఏ ఏటి ఓమ్?

విద్యుత్ నిరోధాన్ని ఒక ప్రమాణం నుంచి మరో ప్రమాణంలోకి మార్చే పట్టికల్లో ఓమ్ పక్కనే ‘అంతర్జాతీయ ఓమ్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. దాని కింద బ్రిటిష్ అసోసియేషన్ యూనిట్, ఆ కింద సీమెన్స్ పాదరస యూనిట్. ఒకే రాశికి ఇన్ని కొలతలెందుకో తెలియాలంటే సముద్రం అడుగున వేసిన తంతి తీగల దగ్గరికి వెళ్లాలి.

వోల్టేజీకీ కరెంటుకూ ఉన్న లంకెను గియోర్గ్ ఓమ్ 1827లోనే పుస్తకంగా అచ్చువేశాడు. నిరోధానికి ఒక ప్రమాణం కావాలన్న ఆత్రుత మాత్రం తంతి తీగలు దేశాలు దాటాకే పుట్టింది. నీళ్ల కింద కేబుల్ పాడైతే ఒడ్డునే కూర్చుని నిరోధం కొలుస్తారు. మైలుకు ఇంత అన్న లెక్కతో దెబ్బ తగిలింది ఎంత దూరంలోనో తేలుస్తారు. ఫ్రాన్స్‌లో 4 మిల్లీమీటర్ల మందం ఇనుప తీగ ఒక కిలోమీటరు పొడవుంటే అదే ప్రమాణం. ఇంగ్లండ్‌లో మైలు పొడవు రాగి తీగ. మనకు ఒకప్పుడు ఊరికో కుంచం ఉన్నట్టే అక్కడ తంతి శాఖకో తీగ ఉండేది.

1848లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి యాకోబీ అనే శాస్త్రవేత్త ఒక రాగి తీగను ప్రమాణంగా ప్రతిపాదించి, నకళ్లు తోటి శాస్త్రవేత్తలకు పంపాడు. కానీ రాగిలో కాస్త కల్తీ ఉన్నా నిరోధం మారిపోతుంది. బజారులో దొరికే రాగి తీగల మధ్య ఈ తేడా ఎంత పెద్దదో 1857లో భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ (తర్వాతి లార్డ్ కెల్విన్) చూపించాడు. మరుసటేడు వేసిన అట్లాంటిక్ కేబుల్ మూడు వారాలకే మూగబోయింది. భారతదేశానికి తంతి తేవాలని ఎర్ర సముద్రం మీదుగా వేసిన కేబుల్ కూడా 1860 నాటికి పనికిరాకుండా పోయింది. డబ్బు నీళ్ల పాలయ్యాకే కొలతల మీద అందరికీ శ్రద్ధ కుదిరిందని నాకనిపిస్తుంది.

అప్పుడు రెండు దారులు తెరుచుకున్నాయి. జర్మన్ ఇంజనీరు వెర్నర్ సీమెన్స్ 1860లో పాదరసాన్ని ఎంచుకున్నాడు. మీటరు పొడవు, చదరపు మిల్లీమీటరు అడ్డుకోత, సున్నా డిగ్రీల సెల్సియస్. పాదరసాన్ని శుద్ధి చేయడం తేలిక కాబట్టి ఏ దేశంలోనైనా ఎవరైనా మళ్లీ తయారుచేసుకోవచ్చు. బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం 1861లో వేసిన కమిటీకి ఇది చాలలేదు. నిరోధం ఏదో ఒక వస్తువు మీద కాక పొడవు, కాలం, ద్రవ్యరాశి మీదే ఆధారపడాలని వాళ్ల పట్టుదల. వాళ్ల విద్యుదయస్కాంత పద్ధతిలో లెక్కవేస్తే నిరోధం వేగం రూపంలో వస్తుంది. ఒక ఓమ్ అంటే సెకనుకు 10,000 కిలోమీటర్లు, అంటే సెకనులో భూమధ్యరేఖ నుంచి ధ్రువానికి చేరే వేగం. నిరోధాన్ని ఇలా ఊహించడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

దాన్ని చేతికందేలా చేసినవాళ్లు మాక్స్‌వెల్, బాల్ఫోర్ స్టీవార్ట్, ఫ్లెమింగ్ జెంకిన్. లండన్ కింగ్స్ కాలేజీలో భూమి అయస్కాంత క్షేత్రంలో ఒక తీగచుట్టను గిరగిరా తిప్పారు. మధ్యలో వేలాడదీసిన చిన్న అయస్కాంతం ఎంత పక్కకు జరిగిందో చూసి నిరోధం లెక్కగట్టారు. అలా 1860ల మధ్యలో బ్రిటిష్ అసోసియేషన్ యూనిట్ వచ్చింది. ఆశయం గొప్పదే కానీ, ఫలితం ఉండాల్సిన దానికంటే 1.3 శాతం తక్కువ. 1880ల తొలినాళ్లలో కేంబ్రిడ్జిలో రేలీ, ఎలినార్ సిడ్జ్‌విక్ మళ్లీ కొలిచి ఆ లోటు తేల్చారు.

చివరికి రెండు దారులూ కలిశాయి. నిర్వచనం బ్రిటిష్ వాళ్లది, దాన్ని నిలబెట్టే పదార్థం సీమెన్స్ పాదరసం. 1884లో 106 సెంటీమీటర్ల పాదరసం ‘లీగల్ ఓమ్’ అయింది. 1893లో షికాగోలో దాన్ని 106.3కు సవరించి అంతర్జాతీయ ఓమ్ అన్నారు. 1948 జనవరి 1న పాదరసాన్ని వదిలి అసలు నిర్వచనానికే వచ్చారు. ఒక అంతర్జాతీయ ఓమ్ అప్పటి కొత్త లెక్కలో 1.00049 ఓమ్‌లు. గట్టి అయస్కాంత క్షేత్రంలో, అతి చల్లదనంలో నిరోధం మెట్లుమెట్లుగా స్థిరమైన విలువల దగ్గరే నిలుస్తుందని క్లాస్ వాన్ క్లిట్జింగ్ 1980లో కనిపెట్టాడు. ఆ క్వాంటమ్ హాల్ ప్రభావంతో 1990 నుంచి ప్రయోగశాలలు 25,812.807 ఓమ్‌ల విలువను ఆనవాలుగా పెట్టుకున్నాయి. 2019లో ప్రమాణాల సవరణ జరిగినప్పుడు అది కదిలింది సుమారు 5.6 కోట్లలో ఒక వంతే.

అందువల్ల పాత రికార్డులో ‘500’ కనిపిస్తే గుణించే ముందు ఏటిదో, ఎక్కడిదో చూడాలి. బ్రిటిష్ అసోసియేషన్ యూనిట్లయితే అవి నేటి లెక్కలో సుమారు 493.5 ఓమ్‌లు. సీమెన్స్ పాదరస యూనిట్లయితే 470.6. 500 కిలోమీటర్ల కేబుల్ మీద ఈ రెండు యూనిట్లను కలగాపులగం చేస్తే, దెబ్బతిన్న చోటు 23 కిలోమీటర్లు పక్కకు జరిగిపోతుంది. ఇంకో ప్రమాదం పేరులోనే ఉంది. 1971లో ‘సీమెన్స్’ పేరును నిరోధానికి విలోమమైన వాహకత్వానికి పెట్టారు. అంతకుముందు దాన్ని ఓమ్‌ను తిరగేసి ‘మో’ అనేవారు. 1870ల నాటి 500 సీమెన్స్‌ను నేటి సీమెన్స్ అనుకుని మారిస్తే వచ్చేది 0.002 ఓమ్.