ఇంటర్ గ్రూపు: మా హన్మకొండలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే గ్రూపు గురించి అడిగేవాళ్లతోనే రోజంతా గడుస్తుంది.

అపోహ: బైపీసీ అంటే డాక్టరే. ఆ సీటు రాకపోతే రెండేళ్లు దండగ.

పరకాల వైపు నుంచి ఒక పత్తి రైతు కూతురిని తీసుకొని వచ్చాడు. అప్లికేషన్‌లో గ్రూపు దగ్గర నీలం పెన్నుతో ఎంపీసీ అని రాసి ఉంది. దాని కింద పెన్సిల్‌తో రాసి చెరిపేసిన బైపీసీ ఇంకా మసగ్గా కనిపిస్తోంది. "డాక్టర్ సీటు రాకపోతే పిల్ల ఎటూ గాకుండ పోతది సార్" అన్నాడు తండ్రి. "నీకేం చదవాలనుంది బిడ్డా?" అని అడిగితే, తలెత్తకుండానే "అగ్రికల్చర్ సార్" అంది.

వాస్తవం: బీఎస్సీ అగ్రికల్చర్‌కు బైపీసీయే కావాలి. దానికి రాయాల్సింది ఎంబీబీఎస్ సీట్లకు పెట్టే నీట్ కాదు, మన రాష్ట్రం పెట్టే ఎంట్రన్స్ పరీక్ష ఎప్‌సెట్. వరంగల్‌లోనే వ్యవసాయ కళాశాల ఉంది. పల్లెలో చదివిన రైతు పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, కాబట్టి పొలం కాగితాలు, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే భద్రంగా పెట్టుకోవాలి. మామునూరులో ఉన్న వెటర్నరీ కాలేజీకీ బైపీసీయే దారి. నర్సింగ్, ఫిజియోథెరపీ కూడా అంతే. బీ ఫార్మసీలో అయితే ఎంపీసీ వాళ్లు కూడా చేరవచ్చు. ఆ రోజు ఎంపీసీలో చేర్చి ఉంటే ఆ అమ్మాయికి అగ్రికల్చర్ దారి మూసుకుపోయేది. నాకు బాధ కలిగించేది ఇదే: పిల్ల మనసులో మాట ఇంట్లో ఎవరూ అడగరు.

అపోహ: ఎంట్రన్స్ ర్యాంకు ఉంటే చాలు, ఇంటర్ మార్కులతో పనిలేదు.

వాస్తవం: ఎప్‌సెట్ ర్యాంకులో ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, దాన్ని తీసేశారు. ఈ మాట అక్కడి నుంచే పుట్టింది. అయినా ఇంజనీరింగ్‌లో చేరాలంటే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం రావాలి, రిజర్వేషన్ వాళ్లకు 40. కాజీపేట దగ్గరున్న కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీ నిట్‌లో సీటు కావాలంటే జాతీయ ఎంట్రన్స్ జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైనవాళ్లలో పై ఇరవై శాతంలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ర్యాంకు వచ్చాక ఇక్కడ ఆగిపోతే ఎంత టెన్షనో ఆలోచించండి.

అపోహ: సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదువు రానివాళ్లకు.

వాస్తవం: సీఏ ఫౌండేషన్‌కు, ఐదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ లాంటివి కావాలనుకుంటే లెక్కలు తప్పనిసరి. అలాంటివాళ్లు సివిక్స్ బదులు లెక్కలు ఉండే ఎంఈసీ తీసుకోవాలి.

అపోహ: తెలుగు బదులు సంస్కృతం తీసుకుంటే సీటు సులువు.

వాస్తవం: ఇంటర్ మెమోలో మార్కులు పెరగవచ్చు. ఎప్‌సెట్ ప్రశ్నపత్రంలో మాత్రం భాషకు ఒక్క మార్కు కూడా లేదు.