పాదరసం దెబ్బ నరాలకు మాత్రమేనా? అపోహలు – వాస్తవాలు

బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో డ్రోసోఫిలా అనే పండు ఈగలను పెంచుతూ, వాటి కండరాలు ఏర్పడే తీరును పరిశీలించడం నా వృత్తి. పాదరసం గురించి మనవాళ్లు నన్ను అడిగే మాటల్లో మూడింటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: పాదరసం నరాలనే పాడుచేస్తుంది.

వాస్తవం: జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి వల్ల, చేపల ద్వారా ఒంట్లో చేరే మిథైల్ పాదరసానికి నరాల విషమన్న పేరు స్థిరపడింది, అది మెదడుకూ గర్భస్థ శిశువుకూ చేసే హాని నిజమే. అయితే 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, జన్యుక్రమం పూర్తిగా తెలిసిన అనేక ఈగ వంశాలను ఆ విషం కలిపిన మేత మీద పెంచి, ప్యూపా (పురుగు ఈగగా మారే గూటి దశ) నుంచి ఎన్ని ఈగలు బయటికి వచ్చాయో లెక్కించారు. వంశానికీ వంశానికీ కనిపించిన తేడాలో ఎక్కువ భాగం జన్యుపరమైనదేనని, ఆ తేడాతో ముడిపడిన జన్యువుల్లో కండరాలను, నాడీకండర సంధులను (నరం కండరాన్ని కలిసే చోట్లను) నిర్మించేవి ప్రత్యేకంగా ఎక్కువని తేలింది. వాటిలో ఒకటైన ‘కిర్రే’, విడివిడి కణాలు ఒకదానినొకటి గుర్తుపట్టి కలిసిపోయి కండర పోగుగా మారడానికి అవసరమైన జన్యువు. విషం తిన్న ప్యూపాల్లో రెక్కలాడించే కండరాలే సరిగా రూపుదిద్దుకోలేదు. నన్ను ఎక్కువగా ఒప్పించిన ఫలితం మరొకటి: పాదరసం నుంచి కణాన్ని కాపాడే గ్లుటాథయోన్ తయారీకి అవసరమైన ఎంజైమును కండరాల్లో మాత్రమే పెంచినా చాలా ఈగలు బతికి బయటపడ్డాయి. దెబ్బ నరాలకే పరిమితమై ఉంటే, కండరాన్ని కాపాడడం వల్ల ఇంత మేలు జరిగేది కాదు.

అపోహ: అంటే పాదరసానికంటూ ఒక జన్యువు ఉంది.

వాస్తవం: లేదు. కిర్రే పని కండరాన్ని కట్టడం. ఆ పని సాగుతున్న వేళ విషం అడ్డుపడుతుంది కాబట్టి, కిర్రే పనిచేసే మోతాదు మారితే తట్టుకునే శక్తీ మారుతుంది.

అపోహ: కాఫీ తాగితే ఈ విషం విరుగుతుంది.

వాస్తవం: అదే అధ్యయనంలో మేతలో కలిపిన కెఫీన్ చాలా వంశాలకు మేలు చేసిన మాట నిజమే, కానీ ఆ మేలు అన్ని వంశాల్లో ఒకేలా లేదు, పైగా అది ఈగల మేత. గర్భిణులు కెఫీన్‌ను తగ్గించుకోవాలనే వైద్యులు చెబుతారు కనుక, ఫిల్టర్ కాఫీని మందుగా భావించవద్దని, సొర వంటి, ఇతర చేపలను వేటాడి తినే పెద్ద చేపలను మాని చిన్న చేపలను ఎంచుకోమని మా ఇంటి ఆడపడుచులకు నేను గట్టిగా చెబుతాను.