యూనివర్సిటీ లైబ్రరీలో గ్రూప్ టేబుల్‌కి చోటెక్కడ?

ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే యూనివర్సిటీ లైబ్రరీ రీడింగ్ హాల్లో కుర్చీ దొరకదు. పొద్దున్నే వచ్చి బ్యాగులు పెట్టి సీటు ఆపుకుంటారు. వాళ్ల ముందుండేది లైబ్రరీ పుస్తకం కాదు, కోచింగ్ మెటీరియల్, సొంత నోట్సు. వాళ్లకి కావలసింది ఒక బల్ల, నెత్తిన ఒక ఫ్యాను, చుట్టూ నిశ్శబ్దం. అదే భవనంలో ప్రాజెక్టు చేస్తున్న నలుగురు ఒక లాప్‌టాప్ చుట్టూ చేరి తప్పెక్కడ జరిగిందో చర్చించుకుందామంటే వీలుకాదు. రెండు నిమిషాల్లో ఎవరో ఒకరు "బయట మాట్లాడుకోండి" అంటారు. వాళ్లు మెట్ల మీదకో క్యాంటీన్‌కో పోతారు.

ఇద్దరి అవసరమూ న్యాయమైనదే. గ్రూప్ స్టడీ గదులు, డిజిటల్ ల్యాబులు పెట్టాలన్న మాట వచ్చిన ప్రతిసారీ ఈ ఇద్దరినీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పినట్టు అవుతోంది. ఎందుకంటే మన భవనాలు ఒకే రకం చదువు కోసం కట్టినవి.

పుస్తకం అరుదుగా దొరికే కాలంలో దాని కోసం లైబ్రరీకే రావాలి, అక్కడే చదవాలి. అందుకే పుస్తకాలు దాచే స్టాక్ హాలు ఒకటి, చదివే పెద్ద హాలు ఇంకొకటి అన్నట్టుగా భవనాలు లేచాయి. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకుముందు లెక్కల మాస్టారు. పాఠకుడే అరల మధ్య తిరిగి పుస్తకం తీసుకోవాలని పట్టుబట్టింది ఆయనే. 1931లో ఆయన చెప్పిన 5 సూత్రాల్లో చివరిది, లైబ్రరీ పెరుగుతూ ఉండే జీవి అని. ఆ మాటను మనవాళ్లు ఎక్కువగా పుస్తకాల సంఖ్యకే అన్వయించారు. మనుషులు చదివే తీరు కూడా మారుతుందన్న అర్థం అందులోనే ఉంది కదా!

అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్స్‌లర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన కమిషన్, యూనివర్సిటీ పనంతటికీ లైబ్రరీయే గుండెకాయ అంది. బడ్జెట్‌లో 6.25 శాతం దానికి ఇవ్వాలని సూచించింది. తర్వాత యూజీసీ వచ్చింది, గ్రాంట్లు వచ్చాయి, కొత్త భవనాలు లేచాయి. కానీ నమూనా మారలేదు, ఆ రెండు హాళ్లే మిగిలాయి.

మన ప్రాంతంలో లైబ్రరీ అంటే మొదటినుంచీ నిశ్శబ్దమే అనుకుంటే పొరపాటు. 1901లో హైదరాబాదులో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గానీ, 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగాక అయ్యంకి వెంకటరమణయ్యగారి చొరవతో ఊరూరా ఊపందుకున్న గ్రంథాలయాలు గానీ, సభలు జరిగే చోట్లు, వాదించుకునే చోట్లు. చదువు రానివారికి చదువు వచ్చినవారు పేపరు చదివి వినిపించేవారు. కలిసి చదవడం మనకి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. యూనివర్సిటీ లైబ్రరీ మాత్రం ఆ దారిన రాలేదు.

1991లో యూజీసీ వారి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కార్యక్రమం మొదలయ్యాక లైబ్రరీలను నెట్‌వర్క్‌తో కలిపే పని జోరందుకుంది. ఆ తర్వాతి దశాబ్దంలో జర్నళ్లు, అంటే పరిశోధన పత్రికలు, ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 పబ్లిషర్ల దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మూడేళ్లకు కేటాయించింది 6,000 కోట్ల రూపాయలు. అంటే రీసెర్చ్ స్కాలర్ జర్నల్ కోసం అర దగ్గరికి వెళ్లనక్కర్లేదు, హాస్టల్ గదిలోనే తెరుచుకుంటుంది. లైబ్రరీకి రావడానికి అతనికి ఇంకో కారణం కావాలి. ఆ కారణం మనం చూపించలేదు. ఖాళీ అయిన కుర్చీల్లోకి పోటీ పరీక్షల విద్యార్థులు వచ్చారు. వాళ్లని తప్పుపట్టడం అన్యాయం. ఇరుకు గదిలో ముగ్గురు నలుగురితో ఉంటూ చదువుకునే పిల్లలకి ఆ కుర్చీయే ఆధారం.

అమెరికాలో ఈ మలుపు కాస్త ముందే వచ్చింది. 1992లో అయోవా యూనివర్సిటీ తన ప్రధాన లైబ్రరీలో కంప్యూటర్లతో 'ఇన్ఫర్మేషన్ ఆర్కేడ్' తెరిచింది. అదే ఏడాది వర్జీనియా యూనివర్సిటీ లైబ్రరీ పాత గ్రంథాలను కంప్యూటర్‌లో వెతకగలిగే అక్షరాలుగా మార్చే కేంద్రం పెట్టింది. అక్కడినుంచి 'లెర్నింగ్ కామన్స్', అంటే లైబ్రరీలో కలిసి చదువుకునే చోటు, అన్న మాట పాకింది.

వీటన్నిటిలో కాస్త ఆగి చూడాల్సింది నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీలో 2013లో తెరిచిన హంట్ లైబ్రరీ. ఆ యూనివర్సిటీ ఉన్న రాలీ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకి, అక్కడ ఎంఎస్ చేసినవాళ్లకి బాగా తెలిసిన భవనం అది. అక్కడ పుస్తకాలను పారెయ్యలేదు. 20 లక్షల వాల్యూములు పట్టే పెట్టెల గిడ్డంగిలో పేర్చి, కావలసినదాన్ని మర చేత తెప్పిస్తారు. మామూలు అరలకు పట్టే జాగాలో తొమ్మిదో వంతు చాలు. అలా మిగిలిన జాగా మనుషులకి దక్కింది. దాదాపు వంద గ్రూప్ గదులు వచ్చాయి. నిశ్శబ్దంగా చదువుకునే హాలు కూడా ఉంది, అదీ అందమైన చోటే. ఒకదాన్ని తీసి ఇంకొకటి పెట్టలేదు.

డిజిటల్ స్కాలర్‌షిప్, అంటే కంప్యూటర్ సాయంతో చేసే పరిశోధన, ఎలా ఉంటుందో ఆ యూనివర్సిటీలో జరిగిన ఒక పని చెబుతుంది. జాన్ డన్ అనే కవి, మతాచార్యుడు 1622 నవంబరు 5న ఇచ్చిన ప్రసంగం, లండన్ సెయింట్ పాల్స్ చర్చి ఆవరణలో నిలబడి వింటే ఎలా వినిపించేది? ఆ పాత చర్చి 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయింది. సాహిత్యం ప్రొఫెసరు, ఆర్కిటెక్టులు, ధ్వని ఇంజనీర్లు, ఒక నటుడు కలిసి ఆ ఆవరణను కంప్యూటర్‌లో తిరిగి కట్టారు. జనంలో ముందు నిలబడితే ఎంత వినిపిస్తుంది, వెనక నిలబడితే ఎంత అన్నది హంట్ లైబ్రరీలోని పెద్ద తెరల గదిలో విని చూశారు. ఇది ఒక్కరు ఒక బల్ల దగ్గర చేసే పని కాదు. దీనికి గది కావాలి, సహాయపడే లైబ్రరీ సిబ్బంది కావాలి.

మన దగ్గర అలాంటి పనికి ముడిసరుకు లేదా అంటే, కుప్పలుగా ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డిగారు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి నడిపించిన, పుస్తకాలను స్కాన్ చేసే మిలియన్ బుక్స్ ప్రాజెక్టుకి హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పెద్ద కేంద్రం. వేలాది తెలుగు పుస్తకాలు అలా స్కాన్ అయ్యాయి. అయితే స్కాన్ అంటే పేజీ ఫొటో. అందులో ఒక మాట వెతకాలంటే దాన్ని అక్షరాలుగా మార్చాలి. ఒత్తులు, గుణింతాలు, పాత అచ్చు కలిసి మెషీన్‌ని తికమకపెడతాయి. తప్పులు మనిషే దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో కొందరు ఇళ్లలో కూర్చుని, జీతం లేకుండా, పేజీ పేజీ అలా దిద్దుతున్నారు. ఇది తెలుగు శాఖ, కంప్యూటర్ సైన్స్ శాఖ, లైబ్రేరియన్ ఒక బల్ల చుట్టూ కూర్చుని చేయాల్సిన పని. ఆ బల్ల వేయడానికి యూనివర్సిటీ లైబ్రరీని మించిన చోటు లేదని నా గట్టి నమ్మకం.

మరి చోటు? రీడింగ్ హాల్లోంచి ఒక్క కుర్చీ తీసినా నేను ఒప్పుకోను. చూడాల్సింది స్టాక్ హాలు వైపు. బైండు చేసిన పాత జర్నళ్లలో ఆన్‌లైన్‌లో పూర్తిగా దొరుకుతున్నవి ఏవో లైబ్రేరియన్లు సరిచూసి, దొరకనివాటిని కదలకుండా ఉంచి, మిగతావాటిని దగ్గర దగ్గరగా జరిపే ర్యాకుల్లోకి చేర్చవచ్చు. అలా ఖాళీ అయ్యే నేల పుస్తకాల బరువు మోయడానికి కట్టింది, పది బల్లలు, నలభై మంది దానికి లెక్క కాదు. కావలసింది గోడ పొడవునా ప్లగ్ పాయింట్లు, గాలి, మాట రీడింగ్ హాల్లోకి పోకుండా గట్టి తలుపు, లోపల సాయపడటానికి ఒక లైబ్రరీ ఉద్యోగి.