అడవి పుట్టగొడుగుల రంగు నిలుస్తుందా? అపోహలు - వాస్తవాలు

సహజ రంగులు తీసే పనిలో ఉన్నాను. "పుట్టగొడుగు రంగు నిలుస్తుందా?" అని చాలామంది అడుగుతారు. ఏ పుట్టగొడుగు, అందులో రంగునిచ్చే పదార్థమేంటి అని తెలిస్తే తప్ప దానికి జవాబు చెప్పలేం.

అపోహ: వేడి తగిలితే సహజ రంగు పోతుంది.

వాస్తవం: చాంటెరెల్ అనే అడవి పుట్టగొడుగు పసుపు రంగు కెరోటినాయిడ్లనే సహజ రంగు పదార్థాలది, ముఖ్యంగా బీటా కెరోటిన్‌ది. దాని ఎర్రటి చుట్టం సినబార్ చాంటెరెల్ నుంచి 1950లో మరో కెరోటినాయిడ్ అయిన కాంథాజాంథిన్‌ను తొలిసారి వేరు చేశారు. ఆ పేరు కూడా పుట్టగొడుగు ప్రజాతి కాంథరెల్లస్ నుంచి వచ్చిందే. ఇవి నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. గాలి తగలకుండా చూస్తే ఓ మోస్తరు వేడిని తట్టుకుంటాయి. వీటికి అసలు గండం ఆక్సిజన్, వెలుతురు. అణువులో ఒకటి విడిచి ఒకటిగా వరుసగా వచ్చే ద్విబంధాల (రెండు పరమాణువుల మధ్య జంట బంధాల) వల్లే రంగు. ఆక్సిజన్ ఆ వరుసను తెంపితే రంగు వెలిసిపోతుంది.

మిరప ఎరుపూ ఈ కుటుంబానిదే. ఎండలో మరిచిపోయిన కారం పాలిపోతుంది. నూనె పైకి తేలిన ఆవకాయ మాత్రం నెలల తరబడి ఎర్రగానే ఉంటుంది. ఇక్కడా అంతే: నూనెలోకి తీసిన రంగును ముదురు గోధుమ రంగు సీసాలో మెడ దాకా నింపి చల్లచోట పెట్టండి. ఎండబెట్టిన చాంటెరెల్‌ని ముక్కలుగానే దాచుకోండి. పొడి చేస్తే గాలి తగిలే మేర పెరుగుతుంది.

అపోహ: కోస్తే నీలంగా మారేది విషం.

వాస్తవం: బొలీట్ రకం పుట్టగొడుగుల్లో కొన్నింటిలో వేరిగాటిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. కోయగానే ఎంజైమ్, గాలి కలిసి దాన్ని నీలంగా మారుస్తాయి. వంకాయ ముక్క నల్లబడినట్టే. కోయకముందే ఉడికిస్తే ఎంజైమ్ పనిచేయదు, నీలమూ రాదు. నీలం తిరిగేవాటిలో తినదగినవి ఉన్నాయి, తినకూడనివీ ఉన్నాయి. ప్రాణాలు తీసే డెత్ క్యాప్ కోసినా తెల్లగానే ఉంటుంది. దయచేసి రంగును నమ్మి అడవిలో దొరికినదాన్ని వండకండి.

అపోహ: ముదురు రంగైతే గట్టిగా నిలుస్తుంది.

వాస్తవం: మెక్సికో సంతల్లో అమ్మే లాక్టేరియస్ ఇండిగో పుట్టగొడుగును కోస్తే కారే పాలు ముదురు నీలం. అది అజులీన్ అనే నీలి పదార్థపు జాతి రంగు. గాలికి ఆకుపచ్చగా మారుతుంది, వండితే బూడిదరంగుకు తిరుగుతుంది.

అపోహ: సహజంగా దొరికే రంగు కాబట్టి ఎంత తిన్నా ఫర్వాలేదు.

వాస్తవం: ఒంటికి ఎండ రంగు రావాలని కాంథాజాంథిన్ మాత్రలు ఎక్కువగా వేసుకున్నవాళ్ల కంటి రెటీనాలో బంగారు రజను లాంటి స్ఫటికాలు పేరుకున్నాయి. మాత్రలు మానేశాక కూడా అవి తగ్గడానికి ఏళ్లు పట్టింది.