కేబీఆర్ పార్కు: బండ్లకు లెక్కుంది, నడకకు లేదు

హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు గొడవ మళ్లీ రాజుకుంది. ఒకరు ట్రాఫిక్ అంటారు, ఇంకొకరు చెట్లు అంటారు, పదేళ్లుగా ఇదే వాదన. చిరాన్ ప్యాలెస్, నిజాం వారసుడు, 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించడం, ఇవన్నీ మీరు చాలాసార్లు చదివే ఉంటారు, వదిలేద్దాం. పార్కు చుట్టూ ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లకు 2024 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది, అప్పటి అంచనా ఖర్చు రూ.826 కోట్లు. నన్ను పట్టి పీడిస్తున్నది ఆ అంకె. ఆ పక్క 826 కోట్లు ఉంది సరే, మరి ఈ పక్క ఏముంది? పొద్దున్నే మోకాలికి పట్టీ బిగించుకుని నడిచే మనిషికి ఈ పార్కు వల్ల ఏం ఒరుగుతోందో రూపాయల్లో ఎవరైనా రాశారా?

నాకు తెలిసి లేదు. రాయడం చేతకాక కాదు, ఆ పద్ధతి వచ్చి డెబ్బై ఐదేళ్లు దాటింది.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో అమెరికాలో పార్కులవాళ్లకు సరిగ్గా ఇదే తలనొప్పి. డ్యాములు కట్టేవాళ్లు వరద తగ్గితే ఇంత లాభం, కరెంటు వస్తే ఇంత అని కాగితాలు పట్టుకొచ్చేవాళ్లు, పార్కులవాళ్లు మాత్రం ప్రకృతి అమూల్యం అని ఊరుకునేవాళ్లు. ప్రభుత్వ ఫైల్లో అమూల్యం అంటే సున్నా అని అర్థం. అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ దారి చెప్పమని ఆర్థికవేత్తలను అడిగితే, హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆయన 1947లో ఒక ఉత్తరం రాశాడు. ఆయన చెప్పింది చాలా మామూలు విషయం. పార్కు టికెట్టు చవకే కావచ్చు, కానీ అక్కడికి రావడం ఉచితం కాదు కదా. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఒక్కో వలయం నుంచి ఎంతమంది వస్తున్నారో, దారి ఖర్చు ఎంతవుతోందో రాసుకోండి. దూరం పెరిగేకొద్దీ ఎంతమంది మానుకుంటున్నారో చూస్తే, దగ్గరివాళ్లు అవసరమైతే ఎంత పెట్టడానికి సిద్ధమో తెలిసిపోతుంది. కూకట్‌పల్లి నుంచి ఆటోకు డబ్బులు పెట్టుకుని, ఒక గంట పోగొట్టుకుని ఒకాయన వస్తున్నాడంటే, పార్కు ఆయనకు కనీసం అంత విలువ చేస్తుందన్నమాట.

పార్కులవాళ్లు ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టేశారు! 1959లో మారియన్ క్లాసన్ అనే ఇంకో ఆర్థికవేత్త దాన్ని దుమ్ము దులిపి, నిజమైన పార్కుల లెక్కలతో చేసి చూపించాక గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. 1964లో అమెరికా ప్రభుత్వం నీటి ప్రాజెక్టుల కోసం మామూలు విహారానికి మనిషికి రోజుకు అర డాలరు నుంచి డాలరున్నర దాకా విలువ కట్టుకోవచ్చని రేటు ఖరారు చేసింది. దాంతో రిజర్వాయర్లో పడవ షికారు, చేపల వేట కూడా డ్యాము లాభాల ఖాతాలో చేరాయి. లెక్క కావాలని అడిగింది పార్కులవాళ్లు, వాడుకుంది డ్యాములవాళ్లు. నా దృష్టిలో మొత్తం కథ మలుపు తిరిగింది ఇక్కడే. విహారం విలువను మొదట ఎవరు కాగితం మీద పెడితే అది వాళ్లకే పనికొస్తుంది.

ఈ పద్ధతిలో ఒక తిరకాసు ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. ఊరి మధ్యలో, ఇంటికి పది నిమిషాల్లో ఉన్న పార్కుకు దారి ఖర్చు దాదాపు ఉండదు, కాబట్టి లెక్కలో విలువ తక్కువ కనిపిస్తుంది. రోజూ వెళ్లగలిగేది మాత్రం ఆ పార్కుకే. ఆ లోటును ఆరోగ్యం వైపు నుంచి చూసిన పరిశోధనలు కొంత పూడుస్తాయి. రోజర్ ఉల్రిచ్ 1984లో అచ్చేసిన పరిశోధన అందరూ చెప్పేదే: పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజులకు ఇంటికెళ్లారు, ఇటుక గోడ కనిపించినవాళ్లు 8.70 రోజులకు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మందిని అడిగి చూస్తే, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లే ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ బయటికెళ్తారేమో అన్న అనుమానం ఎలాగూ ఉంటుంది, అయినా సున్నా కంటే నయమే కదా.

ఇక మన దగ్గరికొస్తే, 2016లో ఫ్లైఓవర్ల ప్లాను బయటికొచ్చినప్పుడు జనం చెట్లను కౌగిలించుకున్నారు, చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ నరికివేత ఆపమంది. అప్పటికి ముసాయిదాలో పార్కు చుట్టూ 25 నుంచి 35 మీటర్ల ఎకో సెన్సిటివ్ జోన్, అంటే కట్టడాలపై ఆంక్షలుండే రక్షణ వలయం, ఉంది. 2020 అక్టోబర్‌లో కేంద్రం తుది నోటిఫికేషన్ ఇచ్చేసరికి అది 3 నుంచి 29.8 మీటర్లయింది. మూడు మీటర్లంటే కారు పొడవు కూడా కాదు. నడిచేవాళ్లు హైకోర్టు మెట్లెక్కింది అందుకే.

ట్రాఫిక్ తగ్గాలనే అధికారుల మాటలో నిజం లేకపోలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం ఇరుక్కున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, పక్కనే క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. ఇక్కడ నడిచేవాళ్లంతా జూబ్లీహిల్స్ శ్రీమంతులే అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మా పెదనాన్న బైపాస్ ఆపరేషన్ అయినప్పటి నుంచి బోరబండ నుంచి వస్తాడు, టికెట్టు ఎందుకని బయటి ట్రాక్ మీదే నడిచి, గేటు దగ్గర రాగి జావ తాగి వెళ్తాడు. "డాక్టరు నడవమన్నాడు గానీ ఎక్కడ నడవాలో చెప్పలేదు రా" అంటాడు.

జంక్షన్ డిజైన్‌కు ముందు బండ్లు లెక్కపెడతారు. కారుకు 1 అని పెట్టుకుని మిగతా బండ్లకు దాంతో పోల్చి విలువ ఇస్తారు. నగర రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన పట్టికలో సైకిలుకు ఒక విలువ ఉంది, టాంగాకు ఉంది, తోపుడు బండికీ ఉంది. కాలినడకన వెళ్లే మనిషికి అందులో చోటు లేదు, అతని సంగతి వేరే పుస్తకంలో ఉంటుంది, అది ఫుట్‌పాత్‌ల వెడల్పు, రోడ్డు దాటే చోట్ల గురించి.

లోపల నడిచేవాళ్ల లెక్కయినా టికెట్లు, పాసుల వల్ల అటవీ శాఖ దగ్గర దొరుకుతుంది. బయటి ట్రాక్ మీద నడిచేవాళ్లకు టికెట్టే లేదు. వాళ్ల లెక్క కావాలంటే ఎవరో ఒకరు వారం రోజులు పొద్దున ఐదింటికే కాగితం, పెన్ను పట్టుకుని నిలబడి, ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా వచ్చారు, ఎంతయింది అని ఒక్కొక్కరినీ ఆపి అడగాలి.