పోయినసారి సర్దుకున్నారు కదా! 1914 యుద్ధం వెనుక కథ

‘మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఏది?’ బళ్లో రెండు మార్కుల ప్రశ్న. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య అని రాస్తే రెండు మార్కులూ పడిపోతాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ జవాబు మీద అనుమానం వస్తుంది. బోస్నియాలోని సరయెవోలో హత్య జరిగింది 1914 జూన్ 28న. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జులై 28న. బ్రిటన్ బరిలోకి దిగింది ఆగస్టు 4న. అంటే మొత్తం 37 రోజులు. కోపంలో కొట్టే దెబ్బకు ఎవరూ నెల రోజుల ముందు ముహూర్తం పెట్టుకోరు. ఆ నెలంతా వియన్నా, బెర్లిన్, సెయింట్ పీటర్స్‌బర్గ్, పారిస్, లండన్‌లలో పెద్దలు కూర్చుని లెక్కలు వేశారు. వాటిని ఎన్నిసార్లు చదివినా నాకు ఒకటే కనిపిస్తుంది. ఎవరూ ఎదురుగా ఉన్న గొడవను చూడలేదు. పోయినసారి గొడవ ఎలా ముగిసిందో గుర్తు చేసుకుని, ఈసారికి అదే కొలత వాడారు.

మరి ఆ పోయినసారి గొడవలు ఏమిటి? కాస్త వెనక్కి, 1871 దాకా వెళ్లాలి. ఫ్రాన్స్‌ను ఓడించిన జర్మన్లు ఆ ఏడాది జనవరి 18న వెర్సాయ్‌లో, ఫ్రెంచి రాజులు కట్టించుకున్న అద్దాల హాల్లోనే, తమ సామ్రాజ్యాన్ని ప్రకటించుకున్నారు. ఆల్సేస్‌ను, లోరేన్‌లో కొంత భాగాన్ని లాక్కున్నారు. 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం విధించారు. ఆ డబ్బును ఫ్రాన్స్ గడువుకు ముందే కట్టేసింది. పోయిన నేలను మాత్రం మరిచిపోలేదు. జర్మన్ చాన్సలర్ బిస్మార్క్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఫ్రాన్స్‌కు జోడీ దొరక్కుండా చూడడమే ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు ఆయనకు పనైంది. 1879లో ఆస్ట్రియా-హంగరీతో ఒప్పందం చేసుకున్నాడు. 1882లో ఇటలీ వచ్చి కలిసింది. 1887లో రష్యాతో గుట్టుగా ఇంకో ఒప్పందం కుదిరింది. బాల్కన్ ప్రాంతంలో ఆస్ట్రియాకూ రష్యాకూ ఉప్పూ నిప్పు. ఇద్దరితోనూ చెలిమి చేస్తూ రెండు పడవల మీద కాళ్లు పెట్టడం బిస్మార్క్‌కే చెల్లింది. 1890లో కొత్త చక్రవర్తి, అంటే కైజర్ రెండో విల్‌హెల్మ్, ఆయన్ను ఇంటికి పంపించాడు. రష్యాతో ఒప్పందాన్ని పొడిగించలేదు. నాలుగేళ్లు తిరక్కుండానే ఫ్రాన్స్, రష్యా ఒక్కటయ్యాయి. తన దేశంలో నిషేధించిన ఫ్రెంచి విప్లవ గీతానికి జార్ చక్రవర్తి టోపీ తీసి నిలబడ్డాడంటే అవసరం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

జర్మనీ బ్రిటన్‌ను దూరం చేసుకున్నది నౌకాదళంతో. ఐరోపాలో అప్పటికే అందరికన్నా గట్టి సైన్యం ఉన్న జర్మనీ 1898 నుంచి పెద్ద యుద్ధనౌకలు కట్టడం మొదలుపెట్టింది. సముద్రమే కంచెగా బతికే దేశానికి అది కడుపులో దేవినట్టు అయింది. 1904లో బ్రిటన్ పాత శత్రువు ఫ్రాన్స్‌తో ఈజిప్ట్, మొరాకో తగాదాలు తేల్చుకుంది. 1907లో రష్యాతోనూ రాజీపడింది. ఈ రెండో రాజీలో మన ప్రస్తావన కూడా ఉంది. పర్షియా, అఫ్గానిస్థాన్, టిబెట్‌లలో ఎవరి హద్దు ఎక్కడో రాసుకున్నారు. భారతదేశం వైపు రష్యా రాకుండా చూసుకోవడమే బ్రిటన్‌కు అందులో పెద్ద లాభం. ఇవేవీ ‘నువ్వు కొట్లాడితే నేనొస్తా’ అని రాసుకున్న కాగితాలు కావు. బెర్లిన్‌లో కూర్చున్న వాళ్లకు మాత్రం చుట్టూ కంచె వేస్తున్నట్టే కనిపించింది.

అసలు నిప్పు బాల్కన్‌లో ఉంది. బోస్నియా పేరుకు టర్కీ సుల్తానుది. 1878 బెర్లిన్ కాంగ్రెస్‌లో పాలించే పని మాత్రం ఆస్ట్రియాకు అప్పగించారు. 1908 అక్టోబర్‌లో ఆస్ట్రియా దాన్ని ఏకంగా కలిపేసుకుంది. అక్కడి సెర్బులంతా తమవాళ్లే అనుకునే సెర్బియా భగ్గుమంది. రష్యా విదేశాంగ మంత్రి ఇజ్వోల్స్కీ అంతకు ముందే ఆస్ట్రియా మంత్రితో ఒక బేరం మాట్లాడుకున్నాడు. బోస్నియా మీకు, టర్కీ జలసంధుల్లో మా యుద్ధనౌకలకు దారి మాకు అని. చివరికి ఆస్ట్రియాకు బోస్నియా దక్కింది, రష్యాకు దారి దక్కలేదు. 1909 మార్చిలో జర్మనీ నేరుగా రష్యాను అడిగింది: ఒప్పుకుంటారా, లేదా, ఒక్కమాటలో చెప్పండి. 1905లో జపాన్ చేతిలో చావుదెబ్బ తిన్న రష్యా దగ్గర అప్పుడు కొట్లాడే సత్తువ లేదు. తల ఒంచింది.

ఇక్కడి నుంచి నేర్చుకున్న పాఠాలు చూడండి. గట్టిగా అడిగితే రష్యా తగ్గుతుందని బెర్లిన్ నేర్చుకుంది. ఇంకోసారి తగ్గితే బాల్కన్‌లో ముఖం చెల్లదని రష్యా నేర్చుకుంది. రెండూ ఒకే సంఘటన నుంచి వచ్చినవే.

1912, 1913లో బాల్కన్ దేశాలు ముందు టర్కీతో, తర్వాత తమలో తాము కొట్లాడుకున్నాయి. సెర్బియా విస్తీర్ణం దాదాపు రెట్టింపైంది. పెద్ద దేశాలు కలబడకుండా బ్రిటన్ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే లండన్‌లో రాయబారుల్ని కూర్చోబెట్టి పెద్దమనుషుల పంచాయితీ నడిపాడు. అది పనిచేసింది కూడా. గ్రే నేర్చుకున్న పాఠం అది: అందర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెడితే చాలు. వియన్నాకు ఇంకో పాఠం దొరికింది. 1913 అక్టోబర్‌లో సెర్బియా సైన్యం అల్బేనియాలోంచి కదలనంటే, ఆస్ట్రియా ఎనిమిది రోజుల గడువుతో అల్టిమేటం ఇచ్చింది. సెర్బియా గడువులోపే వెనక్కి తగ్గింది. పంచాయితీలతో కానిది ఒక్క బెదిరింపుతో అయిపోయింది. వియన్నాలో దీన్ని ఎవరు మరిచిపోతారు?

హత్య సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. పొద్దున, చంపడానికి కాపు కాసిన కుర్రాళ్లలో ఒకడు విసిరిన బాంబు యువరాజుకు తగల్లేదు, వెనక కారులో వాళ్లు గాయపడ్డారు. టౌన్‌హాల్ కార్యక్రమం అయ్యాక వాళ్లను చూడ్డానికి ఆస్పత్రికి వెళ్దామని యువరాజు అన్నాడు. దారి మారిందన్న మాట డ్రైవర్ దాకా చేరలేదు. అతను పాత దారిలోకి తిప్పాడు, తప్పని చెప్తే బండి ఆపాడు. సరిగ్గా అక్కడే 19 ఏళ్ల గావ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండు తూటాలు, రెండు ప్రాణాలు. యువరాజుతో పాటు భార్య సోఫీ కూడా పోయింది. ఆ కుర్రాళ్లకు తుపాకులు, బాంబులు ఇచ్చి పంపింది సెర్బియా సైనిక గూఢచారి విభాగం అధిపతి ‘ఆపిస్’, అతని రహస్య ముఠా. ఆ ముఠాకూ ప్రధాని నికోలా పాషిచ్‌కూ అసలు పడదు. విచిత్రం ఏమిటంటే, సెర్బియా మీద దండెత్తుదామని ఆస్ట్రియా సేనాధిపతి కాన్రాడ్ అడిగినప్పుడల్లా వద్దని అడ్డుపడుతూ వచ్చినవాడు ఫ్రాంజ్ ఫెర్డినాండే. అడ్డుపడే మనిషే లేకుండా పోయాడు.

జులై 5, ఆదివారం. పోట్స్‌డామ్ రాజభవనంలో ఆస్ట్రియా రాయబారికి కైజర్ భోజనం పెట్టాడు. రాయబారి తమ చక్రవర్తి ఉత్తరం ఇచ్చాడు. భోజనానికి ముందు కైజర్ ఆచితూచి మాట్లాడాడు, చాన్సలర్‌ను అడగాలన్నాడు. భోజనం అయ్యాక రాయబారి మళ్లీ కదిపితే, జర్మనీ మీ వెనక పూర్తిగా ఉంటుందని మాట ఇచ్చేశాడు. సెర్బియాకు అండగా ఉన్న రష్యా సిద్ధంగా లేదు, 1909లో లాగే తగ్గుతుంది. ఒకవేళ తగ్గకపోతే ఇప్పుడే తేల్చుకోవడం మేలు, రష్యా కొత్త సైనిక కార్యక్రమం 1917కి పూర్తయితే మనవల్ల కాదు. ఇదీ లెక్క. మర్నాడు చాన్సలర్ బెత్‌మన్ హాల్వెగ్ ఆ మాటను ఖరారు చేశాడు. చరిత్రలో దీన్నే ‘బ్లాంక్ చెక్’ అంటారు. అంకె వేయకుండా సంతకం పెట్టి ఇచ్చేశారు. అదే రోజు కైజర్ ఓడెక్కి నార్వే షికారుకు వెళ్లిపోయాడు.

చెక్ చేతికొచ్చినా ఆస్ట్రియా వెంటనే కదల్లేకపోయింది. ఆస్ట్రియాతో కలిసి ఒకే సామ్రాజ్యంగా ఉన్న హంగరీ ప్రధాని టీసా ఒప్పుకోవడానికి జులై 14 దాకా పట్టింది. సైనికులు చాలామంది కోతల సెలవు మీద పొలాల్లో ఉన్నారు. దానికి తోడు ఫ్రాన్స్ అధ్యక్షుడు పువాంకారే రష్యా పర్యటనలో ఉన్నాడు. ఆయన అక్కడ ఉండగా అల్టిమేటం ఇస్తే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటారు. అందుకే ఆయన ఓడ ఎక్కే దాకా ఆగాలనుకున్నారు. ఓడ బయల్దేరే వేళను బట్టి, జులై 23 సాయంత్రం ఐదింటికి ఇవ్వాల్సిన కాగితాన్ని ఆరింటికి జరిపారు కూడా! హత్య జరిగిన వారంలో కదిలి ఉంటే ఐరోపా సానుభూతి ఆస్ట్రియా పక్షాన ఉండేది. మూడున్నర వారాలు ఆగేసరికి దుఃఖం పోయి ఎత్తుగడ మిగిలింది.

ఆ సాయంత్రం సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ప్రధాని లేడు, ఎన్నికల ప్రచారానికి వెళ్లాడు. ఆస్ట్రియా రాయబారి గీజ్ల్ ఇచ్చిన కాగితాన్ని ఆర్థిక మంత్రి అందుకున్నాడు. పది డిమాండ్లు, 48 గంటల గడువు. ఆరోది అసలు ముల్లు: సెర్బియా గడ్డ మీద జరిగే విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొంటారట. జవాబు రాయడం 25వ తేదీ సాయంత్రం దాకా సాగింది. చివరి నిమిషంలో టైప్‌రైటర్ మొరాయించింది. చేత్తో రాశారు. కొట్టివేతలు, దిద్దుబాట్లు అలాగే ఉండిపోయాయి. ఐరోపా తలరాత ఉన్న కాగితం పరీక్షలో బెల్లు కొట్టాక లాక్కున్న పేపర్‌లా తయారైంది. ఆరు కావడానికి ఐదు నిమిషాల ముందు పాషిచ్ స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు. అప్పటికే గీజ్ల్ పెట్టే బేడా సర్దుకుని ప్రయాణం బట్టల్లో ఉన్నాడు. పైపైన చూశాడు. సిద్ధంగా పెట్టుకున్న, సంబంధాలు తెంచుకుంటున్నామన్న ఉత్తరం మీద సంతకం పెట్టి, ఆరున్నర రైలు ఎక్కేశాడు. సెర్బియా చాలావాటికి ఒప్పుకుంది, ఆరోదానికి కుదరదంది. ఆయనకు కావాల్సింది జవాబు కాదు, రైలు.

జులై 28 పొద్దున, నార్వే నుంచి తిరిగొచ్చిన కైజర్ ఆ జవాబు చదివాడు. యుద్ధానికి ఇక కారణమే మిగల్లేదని దాని మీద రాశాడు. బెల్‌గ్రేడ్ దాకా వెళ్లి అక్కడ ఆగి మాట్లాడితే చాలన్నాడు. చెక్ ఇచ్చిన మనిషే ఇప్పుడు వెనక్కి తీసుకుంటానంటున్నాడు! ఆ సూచన చాన్సలర్ చేతుల మీదుగా వియన్నాకు వెళ్లేసరికి నీరుగారిపోయింది. ఎలాగూ ఆ మధ్యాహ్నానికే ఆస్ట్రియా టెలిగ్రాం కొట్టి యుద్ధం ప్రకటించేసింది.

ఇక అంతా రైళ్ల చేతుల్లోకి వెళ్లింది. లక్షల మంది సైనికుల్ని సరిహద్దుకు చేర్చాలంటే ఏ రైలు ఏ గంటకు ఎక్కడుండాలో ఏళ్ల ముందే రాసిపెట్టుకోవాలి. రష్యాలో జార్ నికొలస్ 29న పూర్తి సైన్య సమీకరణకు ఒప్పుకుని, కైజర్ నుంచి టెలిగ్రాం రావడంతో రాత్రి రద్దు చేశాడు. ఈ ఇద్దరూ బంధువులే, ఒకరికొకరు ‘విల్లీ’, ‘నిక్కీ’ అని రాసుకునేవారు. మర్నాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి సజోనోవ్ గంటసేపు నచ్చజెప్పి జార్‌ను మళ్లీ ఒప్పించాడు. వెంటనే కింది అంతస్తుకు దిగి సేనాధిపతి యానుష్కేవిచ్‌కు ఫోన్ చేశాడు. ఇక మీ టెలిఫోన్ పగలగొట్టుకోవచ్చు అన్నాడు. మళ్లీ రద్దు చేయమని ఎవరూ ఫోన్ చేయకుండా.

జర్మనీ పరిస్థితి ఇంకా దారుణం. వాళ్ల దగ్గర ఉన్నది ఒకే ప్లాన్. రష్యా నింపాదిగా కదిలేలోపు, బెల్జియం మీదుగా వెళ్లి ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టాలి. అందుకు మొదటి రోజుల్లోనే బెల్జియంలోని లీయేజ్ కోటలు పట్టుకోవాలి. అంటే తగాదా రష్యాతో, దండయాత్ర బెల్జియం మీద. మిగతా దేశాలకు సైన్య సమీకరణ అంటే బెదిరింపు, జర్మనీకి అదే యుద్ధం. ఆగస్టు 1న బ్రిటన్ తటస్థంగా ఉండొచ్చన్న ఆశ కనిపించగానే సైన్యమంతా తూర్పుకు తిప్పేద్దామన్నాడు కైజర్. సేనాధిపతి మోల్ట్కే బిక్కచచ్చిపోయి కుదరదన్నాడు.

కూటములే అందర్నీ లాగేశాయని మనం రాస్తుంటాం. అదీ పూర్తిగా నిజం కాదు. ఇటలీ 32 ఏళ్లుగా జర్మనీ, ఆస్ట్రియాల కూటమిలో ఉండి కూడా, మీరే దాడి చేశారు కాబట్టి మాకు సంబంధం లేదని పక్కకు తప్పుకుంది. మరుసటి ఏడాది అవతలి పక్షంలో చేరింది. ఫ్రాన్స్ పట్ల కాగితం మీద ఏ బాధ్యతా లేని బ్రిటన్‌లో, దాని కోసం వెళ్లాలా వద్దా అని మంత్రివర్గం రెండుగా చీలి, తర్జనభర్జన పడింది. గ్రే తన పాత మందే వాడబోయాడు. జులై 26న నాలుగు దేశాల సమావేశం పెడదామన్నాడు. జర్మనీ రానంది. చివరికి ఊగిసలాట తేల్చింది బెల్జియం. ఆ దేశం తటస్థతకు హామీగా 1839లో సంతకం పెట్టినవాళ్లలో బ్రిటన్ ఉంది, జర్మనీకి పూర్వరూపమైన ప్రష్యా కూడా ఉంది. ఒక కాగితం ముక్క కోసం యుద్ధానికొస్తారా అని బెత్‌మన్ బ్రిటిష్ రాయబారిని అడిగాడు.

బెల్జియంను వదలమని బ్రిటన్ జర్మనీకి పెట్టిన గడువు ఆగస్టు 4 రాత్రి లండన్‌లో 11 గంటలకు తీరడంతో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయింది. వైస్రాయ్ హార్డింజ్ ప్రకటించాడు, ఇక్కడ ఎవర్నీ అడగలేదు. పది లక్షల మందికి పైగా మనవాళ్లు ఓడలెక్కి ఫ్రాన్స్, మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా వెళ్లారు. సరయెవో తుపాకీ పేలిన 86వ రోజున, సెప్టెంబర్ 22 రాత్రి, ‘ఎండెన్’ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు తీరానికి వచ్చింది. కోస్తా, సీమ జిల్లాల వాళ్లకు అప్పుడు రాజధాని అదే. సెర్చ్‌లైట్ వేసి రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్లు కురిపించి, చీకట్లోకి వెళ్లిపోయింది. నూనె మండుతూనే ఉంది. మర్నాటి నుంచి జనం మూటా ముల్లె కట్టుకుని మద్రాసు వదిలి వెళ్లడం మొదలుపెట్టారు.